తాళం ఒకరిది.. తాళంచెవి మరొకరిది

* పాస్‌వర్డులకు నిలయాలుగా నెట్ కేంద్రాలు
* పేరు, పుట్టిన సంవత్సరమే రహస్యమట!
* పాత ఫోను నంబరుతోనే అసలు ముప్పు

ఇంజినీరింగ్, డిగ్రీ ప్రవేశాల కాలం వచ్చిందంటే ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని మండల కేంద్రాల్లో నెట్ సెంటర్ల ముందు పొద్దుటి నుంచే రద్దీ మొదలవుతుంది. ధ్రువపత్రాల పరిశీలనకు స్లాటు నమోదు చేసుకోవడం, రుసుము చెల్లించడం, వెబ్ ఆప్షన్లు ఇవ్వడం వంటి పనులన్నీ అక్కడే జరుగుతాయి. లాగిన్ ఐడీ తండ్రి ఫోనుకు సంక్షిప్త సందేశంగా వస్తుంది. పాస్‌వర్డు మాత్రం చాలాచోట్ల కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడే పెడతాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఆలోచించే తీరిక అతనికి ఉండదు. అందరికీ ఒకటే పెడితే తనకు గుర్తుంటుంది, మరునాడు వచ్చి అడిగినవారికి వెతకకుండా చెప్పవచ్చు. దుకాణం పేరు, చివర ఆ సంవత్సరం కలిపితే చాలనుకుంటాడు. దానినే రసీదు వెనుక రాసి చేతిలో పెడతాడు.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. కాని ఆ విద్యార్థి నాలుగేళ్లు ఎక్కడ చదవాలో నిర్ణయించే తాళంచెవి ఆ క్షణం నుంచి అదే దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉన్నట్లే. లాగిన్ ఐడీ, హాల్‌టికెట్ సంఖ్య కూడా తెలియాలి కదా అనవచ్చు. ఆ రెండూ బల్ల మీద పడి ఉన్న ప్రింటు కాగితాల్లోనే కనిపిస్తాయి. లాగిన్ ఐడీ, పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పరాదని ప్రవేశాల అధికారులు ఏటా ప్రకటనల్లో హెచ్చరిస్తూనే ఉన్నారు. అయినా విద్యార్థుల పత్రాలు, పాస్‌వర్డులు తీసుకొని కళాశాలల ప్రతినిధులే ఆప్షన్లు ఇచ్చేశారన్న ఆరోపణలు ప్రవేశాల వేళ తరచు వినవస్తూనే వచ్చాయి. 2016లో డిగ్రీ కళాశాలలకు దోస్త్ విధానం వచ్చిన తరువాత కూడా ఈ మాట ఆగలేదు.

'ఎవరికీ చెప్పవద్దు' అన్న హెచ్చరికలో ఒక లోపం ఉన్నది. కంప్యూటర్ ఇంట్లో ఉన్నవారిని, ఆంగ్ల అక్షరాలు తడుముకోకుండా కొట్టగలిగినవారిని దృష్టిలో పెట్టుకొని రాసిన వాక్యమది. పింఛను జీవన ప్రమాణ పత్రం కోసం వచ్చిన సింగరేణి విశ్రాంత కార్మికుడికి, రేషన్ కార్డులో కోడలి పేరు చేర్పించడానికి వచ్చిన పెద్దామెకు చెప్పక తప్పని పరిస్థితి. "ఓటీపీ వచ్చిందా పెద్దమ్మా?" అని అడిగితే ఆమె ఫోనునే చేతికిచ్చి "నువ్వే చూడు బిడ్డా" అంటుంది. పల్లెల్లో ఆన్‌లైన్ ఖాతా పుట్టుకతోనే ఇద్దరి సొత్తు. భద్రత గురించి మాట్లాడేవారు ఈ వాస్తవం దగ్గర నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

పేరు, పుట్టిన సంవత్సరం

పాస్‌వర్డు ఎలా ఉండాలో మన జనానికి నేర్పిన మొదటి గురువు ప్రభుత్వమే అనిపిస్తుంది. అంతర్జాలం నుంచి తీసుకునే ఈ-ఆధార్ పత్రాన్ని తెరవాలంటే పేరులోని మొదటి నాలుగు ఆంగ్ల అక్షరాలు, పుట్టిన సంవత్సరం కొట్టాలి. ఈ-పాన్ పత్రానికి పుట్టిన తేదీయే పాస్‌వర్డు. కోట్లాది పత్రాలకు సులువుగా ఉండేందుకు ఏర్పరచిన పద్ధతి ఇది. దీనిని తప్పుపట్టనవసరం లేదు. అయితే ఈ పాస్‌వర్డులు రహస్యాలు కావు, ఆ కార్డు మీద రాసి ఉన్న వివరాలే. పదేపదే ఇదే చూసిన జనం పాస్‌వర్డు అంటే ఇలాగే ఉంటుందని నమ్మి, బ్యాంకు ఖాతాకూ, మెయిలుకూ అదే సూత్రం వాడుతున్నారు.

లెక్క వేసి చూస్తే దీని బలం ఏపాటిదో తెలుస్తుంది. ఎనిమిది అంకెలతో పది కోట్ల రకాలుగా సంఖ్యలు కూర్చవచ్చు. ఆ ఎనిమిది అంకెలూ పుట్టిన తేదీయే అయితే గడచిన 80 ఏళ్లలోని తేదీలన్నీ కలిపినా 30 వేలకు మించవు. పది కోట్ల గదులున్న భవంతి అనుకొని తాళం వేసిన వ్యక్తి నిజానికి 30 వేల గదుల్లో ఒకదానిలో దాక్కున్నాడన్నమాట. యంత్రానికి అది క్షణంలో పని. అసలు యంత్రమే అక్కరలేదు, పెళ్లి శుభలేఖలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చాలు.

జనం ఎన్నుకునే పాస్‌వర్డులు ఎంత ఒకేలా ఉంటాయో 2009 డిసెంబరులో ప్రపంచానికి తెలిసింది. రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి 3.2 కోట్ల ఖాతాల పాస్‌వర్డులు చోరీకి గురయ్యాయి. ఆ సంస్థ వాటిని ఏ మరుగూ లేకుండా మామూలు అక్షరాల్లోనే దాచిపెట్టుకున్నది. వాటిని పరిశీలించగా అందరికంటే ఎక్కువ మంది, అంటే సుమారు 2.9 లక్షల మంది పెట్టుకున్నది 123456. నాటి జాబితాను దొంగలు, పరిశోధకులు నేటికీ వాడుతూనే ఉన్నారు. ఖాతా తెరిచే ప్రయత్నంలో దొంగ మొదట అక్షరాలన్నీ వరుసగా మార్చి చూడడు. మనుషులు ఇదివరకు పెట్టుకున్న మాటలనే ముందు ప్రయోగిస్తాడు.

కారం నుంచి మిరపకాయ రాదు

బాధ్యతగల సంస్థ పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచదు. దానిని ఒక గణిత ప్రక్రియతో దంచి, వచ్చిన పొడిని మాత్రమే భద్రపరుస్తుంది. మిరపకాయలను దంచితే కారం వస్తుంది కాని, కారం నుంచి మిరపకాయను తిరిగి చేయలేము. ఖాతాదారుడు మళ్లీ వచ్చి పాస్‌వర్డు కొట్టినప్పుడు దానినీ అలాగే దంచి, రెండు పొడులూ ఒకటేనా అని సరిచూస్తుంది. 'పాస్‌వర్డు మరచిపోయాను' అని అడిగినప్పుడు మంచి సంస్థలు పాతది చెప్పకుండా కొత్తది పెట్టుకోమనడానికి కారణం ఇదే. పాతదేదో వాటికీ తెలియదు. పాత పాస్‌వర్డునే తిరిగి పంపే వెబ్‌సైటు ఏదైనా ఉంటే దానిని అనుమానించవలసిందే.

బెల్ లేబొరేటరీస్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పత్రంలో ఈ పద్ధతికి మరొక మెలిక చేర్చారు. దంచే ముందు ప్రతి పాస్‌వర్డుకూ వేర్వేరుగా కొంత 'ఉప్పు' కలపడం. వారు వాడిన ఆంగ్లపదానికి కూడా ఉప్పు అనే అర్థం. అప్పుడు ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా పొడి ఒకేలా ఉండదు. దొంగ ఒక్కొక్క ఖాతాను విడివిడిగా ఛేదించుకోవలసి వస్తుంది. ఇంత పాత ఉపాయాన్ని కూడా పెద్ద సంస్థలు పాటించని సందర్భాలున్నాయి. ఉద్యోగార్థులు వాడే లింక్డ్‌ఇన్ నుంచి 2012లో పాస్‌వర్డులు చోరీ అయినప్పుడు వాటిలో ఉప్పు లేదు. నాలుగేళ్ల తరువాత, 2016లో, 11.7 కోట్ల మంది మెయిలు చిరునామాలు, పాస్‌వర్డుల పొడి అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాల్లోకి ఇతరులు చొరబడ్డారు. లింక్డ్‌ఇన్ పాస్‌వర్డునే మిగతా చోట్లా వాడడమే అందుకు కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి.

జిల్లా పాఠకుడికి దీనితో పనేమిటంటే, పని అక్కడే ఉన్నది. ఒక చిన్న ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైటులోనో, చీరల అమ్మకాల యాప్‌లోనో పెట్టిన పాస్‌వర్డు బయటపడినందువల్ల వెంటనే కలిగే నష్టం స్వల్పం. అదే పాస్‌వర్డు మెయిలుకూ ఉంటే మాత్రం కథ మారుతుంది. దొంగలు ఒకచోట దొరికిన జతను యంత్రాల సాయంతో వందలాది చోట్ల ప్రయత్నించి చూస్తారు. పాస్‌వర్డు కష్టంగా ఉండడం కంటే ఒక్కొక్క చోట ఒక్కొక్కటి ఉండడమే ముఖ్యమని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. తమ మెయిలు చిరునామా ఏయే చోరీల్లో బయటపడిందో తెలుసుకునేందుకు ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో ప్రారంభించిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' వెబ్‌సైటును ఉచితంగా చూడవచ్చు.

నెలనెలా మార్చాలన్న నియమం

పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి అన్న నియమాలతో ఉద్యోగులు విసిగిపోయిన మాట నిజం. ఈ నియమాలకు ప్రాచుర్యం తెచ్చినది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన పత్రం. దానిని రాసిన బిల్ బర్ తాను చెప్పిన వాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఒక పత్రికతో అన్నారు. అదే ఏడాది నిస్ట్ తన మార్గదర్శకాలను మార్చింది. బయటపడినట్లు ఆధారం ఉంటే తప్ప పాస్‌వర్డును ఊరకే మార్పించవద్దని, అక్షరాల మిశ్రమంపై పట్టుపట్టవద్దని, పొడవుకు ప్రాధాన్యమివ్వాలని సూచించింది. ఎందుకంటే మార్చమని బలవంతపెడితే మనిషి చివరి అంకెను 1 నుంచి 2కు మార్చి ఊరుకుంటాడు. మన కార్యాలయాల్లో పలుచోట్ల ఈ కబురు ఇంకా అందినట్లు లేదు. కంప్యూటర్ తెర అంచున అంటించిన పసుపు చీటీలే అందుకు సాక్ష్యం.

పొడవు ఎంత మేలో చూడాలంటే ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు తీసుకోవాలి. ఏడు వేల ఏడు వందల డెబ్బై ఆరు మాటల జాబితా నుంచి పాచికలు వేసినట్లు యాదృచ్ఛికంగా నాలుగింటిని ఎన్నుకుంటే 36 కోట్ల కోట్లకు పైగా అవకాశాలు ఏర్పడతాయి. తెలుగువారికి ఇక్కడ ఒక చిన్న సౌలభ్యం ఉన్నది. గడ్డివాము, పలక, సైరన్, చింతతొక్కు వంటి మాటలను ఆంగ్ల అక్షరాల్లో రాసుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. అయితే పత్రికలో అచ్చయిన ఈ నాలుగూ ఇక పనికిరావు. సామెత, సినిమా పాట పల్లవి, దేవుడి పేరు వంటివి పొడవుగా ఉన్నా అందరికీ తెలిసినవే కనుక వాటికీ విలువ లేదు.

ఇన్ని పాస్‌వర్డులు ఎలా గుర్తుంటాయన్నది న్యాయమైన ప్రశ్న. ఫోను వాడగలిగినవారికి పాస్‌వర్డులను దాచిపెట్టే యాప్‌లు ఉన్నాయి, ఫోనులోనే ఆ ఏర్పాటు ఉంటుంది. పెద్దవారికి మాత్రం పుస్తకమే మేలు. పాస్‌వర్డు కాగితం మీద రాయడం మహాపాపమన్న ప్రచారం కార్యాలయాలకు వర్తిస్తుంది కాని ఇంటికి కాదు. చైనాలోనో, జామ్‌తారాలోనో కూర్చున్న మోసగాడు బీరువాలో పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన ఉన్న నోట్‌బుక్కును చదవలేడు. అదే నోట్‌బుక్కును ఫొటో తీసి వాట్సాప్‌లో కొడుకుకు పంపితే ఆ రక్షణ పోయినట్లే.

పాత నంబరు, కొత్త యజమాని

పాస్‌వర్డు ఎంత గట్టిదైనా 'మరచిపోయాను' అన్న మీట ఒకటి పక్కనే ఉంటుంది. అది నొక్కితే సందేశం వెళ్లేది నమోదైన ఫోనుకు లేదా మెయిలుకు. కాబట్టి అన్ని తాళాలకూ తల్లి తాళంచెవి ఆ రెండే. విచిత్రమేమిటంటే మనవారు అతి తక్కువగా పట్టించుకునేది కూడా వాటినే. మెయిలు ఖాతా ఎప్పుడో నెట్ సెంటర్‌లో తెరిచినది, దాని పాస్‌వర్డు ఏమిటో తెలియదు, అందులో నమోదైన నంబరు ఆ దుకాణదారుదే కావచ్చు. ఇక సిమ్ కార్డులను ఆఫర్లను బట్టి మార్చడం పల్లెల్లో మామూలు. రీచార్జి ఆపివేసిన నంబరు కొంతకాలానికి రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత మరొకరికి కేటాయిస్తారని టెలికాం నియంత్రణ సంస్థ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తరువాత బ్యాంకు సందేశాలు, ఓటీపీలు చేరేది ఆ కొత్త యజమానికే.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ సమస్యకు మరొక ముఖం ఉన్నది. గల్ఫ్ వెళ్లిన ఇంటిపెద్ద ఇక్కడి సిమ్‌ను వెంట తీసుకుపోతాడు. అక్కడ స్థానిక సిమ్ వేసుకొని దీనిని పెట్టెలో పడేస్తాడు. రెండేళ్లకు సెలవు మీద వచ్చేనాటికి నంబరు చేజారి ఉంటుంది. ఖాతాలో డబ్బు ఉంటుంది, ఇంట్లో భార్యకు అవసరం ఉంటుంది, ఓటీపీ ఎక్కడికి పోతున్నదో ఎవరికీ తెలియదు. విమానం ఎక్కే ముందు పాస్‌పోర్టును పదిసార్లు తడిమి చూసుకునేవారు బ్యాంకుకు వెళ్లి నంబరు సంగతి చూసుకోవడం లేదు. ఆ సిమ్‌ను చౌక రీచార్జితోనైనా బతికించుకోవడం, లేదా వెళ్లేలోగా ఖాతాలో నంబరు మార్పించుకోవడం తప్ప మరో దారి లేదు.

ఓటీపీ రసీదు కాదు

ఓటీపీ అంటే వచ్చిన సమాచారమని, అడిగినవారికి చదివి వినిపించవలసిన సంఖ్య అని చాలామంది భావన. వాస్తవానికి అది సంతకం. ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇవ్వడానికి వెనుకాడే రైతు, ఫోనులో వచ్చిన ఆరు అంకెలను ముక్కూముఖం తెలియనివారికి చెబుతున్నాడు. యూపీఐ పిన్ విషయంలోనూ ఇదే అయోమయం. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. 'మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అన్నవాడు మోసగాడే.

ఈ తేడా తెలియకపోతే మూల్యం ఎంతో రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన ఉత్తర్వులు చెబుతున్నాయి. బ్యాంకుదీ, ఖాతాదారుడిదీ తప్పు లేకుండా మూడో పక్షం వల్ల డబ్బు పోయినప్పుడు మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడికి నష్టం ఉండదని వాటిలో పేర్కొన్నారు. అయితే పాస్‌వర్డు, పిన్ వంటివి ఖాతాదారుడే చెప్పిన పక్షంలో ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా అతనిదే అన్నారు. ఫిర్యాదు తరువాత జరిగే నష్టం బ్యాంకుది. అంటే గంట ఆలస్యానికి కూడా ఖరీదు ఉన్నది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోను చేయాలి. ఊరి పెద్దలతో సంప్రదించి రేపు చూద్దామనుకుంటే ఆ సొమ్ము అప్పటికే చేతులు మారుతుంది. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడడం ఐటీ చట్టంలోని 66సి సెక్షన్ ప్రకారం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆప్షన్లు మార్చే దళారులకూ ఈ సంగతి తెలిస్తే మంచిది.

మార్చుకోలేని తాళం

ఇన్ని తంటాలెందుకు, వేలిముద్ర ఉన్నది కదా అనేవారికి పెద్దపల్లి జిల్లాలో 2018లో బయటపడిన ఉదంతం గుర్తుండాలి. సిమ్ కార్డుల పంపిణీ చేసే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు తీసుకొని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల ఆధార్ మీద వేలాది సిమ్ కార్డులను పనిచేయించినట్లు పోలీసులు వెల్లడించారు. దస్తావేజు మీద వేలిముద్ర వేసినవారు చేసిన తప్పేమీ లేదు. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము. అందుకే ఆధార్ సంస్థ బయోమెట్రిక్ వివరాలకు తాళం వేసుకునే సౌకర్యం కల్పించింది. ఎం-ఆధార్ యాప్‌లో గాని, సంస్థ వెబ్‌సైటులో గాని వేసుకొని, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. వేలిముద్రతో పింఛనో, రేషనో తీసుకునే ఇళ్లలో ఈ తాళం తీయడం మరచి తిరిగి వెళ్లవలసి వచ్చే ఇబ్బంది ఉన్నమాటా వాస్తవమే.

మళ్లీ నెట్ సెంటర్ దగ్గరికే వస్తే, అక్కడికి వెళ్లకుండా ఉండమని ఎవరూ చెప్పలేరు. వెళ్లి వచ్చే పద్ధతి మారవచ్చు. ప్రింటు కోసం వాట్సాప్‌ను అక్కడి కంప్యూటర్‌కు కలిపి అలాగే వదిలి వచ్చేవారు ఎందరో. ఇంటికి వచ్చాక కూడా ఫోనులోని లింక్డ్ డివైసెస్ అన్న చోట చూసి దానిని తొలగించవచ్చు. 'పాస్‌వర్డు భద్రపరచమంటారా' అని బ్రౌజర్ అడిగినప్పుడు వద్దనే చెప్పాలి. లేకుంటే తరువాత కూర్చున్నవారికి అది కనిపిస్తుంది. దించిపెట్టిన ఆధార్, పదో తరగతి మెమో ప్రతులను చెరిపివేయమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. నిర్వాహకులకు కూడా ఇది మేలే. ఏదైనా జరిగినప్పుడు పోలీసులు మొదట తట్టేది వారి తలుపే.

విద్యార్థి విషయానికి వస్తే, దరఖాస్తులో మిగతా గడులన్నీ నిర్వాహకుడు నింపినా పాస్‌వర్డు గడి వచ్చినప్పుడు కీబోర్డును పిల్లల వైపు తిప్పవచ్చు. ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయి ఆ పది అక్షరాలు కొట్టుకోలేనిది కాదు. నమోదయ్యే నంబరు దుకాణానిది కాకుండా ప్రవేశాల చివరి విడత ముగిసేదాకా ఇంట్లో పనిచేసే ఫోనుదై ఉండాలి. ఆప్షన్లు ఖరారు చేసిన రోజు తీసుకున్న ప్రింటును, గడువు ముగిసేలోగా మరొకసారి తెరిచి చూసిన జాబితాతో వరుస తప్పకుండా పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే గడువు ఉండగానే హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాలి, సీటు కేటాయించిన తరువాత అది తాను ఇచ్చిన ఆప్షన్ కాదని నిరూపించుకోవడం చాలా కష్టం.